గాజు పలక రెండో వైపు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా రాతలో తప్పులుంటాయి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. కుడికి చూడాల్సిన అక్షరాలు కొన్ని ఎడమకు చూస్తాయి. దిద్దుకున్నా మళ్ళీ అలాగే వస్తాయి. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి. ఇందులో బెట్సీ అనే మనిషి నేనే. "నేను" అని మొదలుపెడితే ప్రతి వాక్యంలోనూ నన్ను నేను వెనకేసుకొస్తున్నాను. "ఆమె" అని రాస్తే చెయ్యి తిన్నగా నడిచింది.

రాబ్ గాల్ట్ బెట్సీ మొగుడు ఆలిక్ చేతిని కారు తలుపు సందులో పెట్టించి తలుపును నెమ్మదిగా దగ్గరికి లాగాడు. ఇంకా మూయలేదు. వాడి మనుషులిద్దరిలో ఒకడు ఆలిక్ మెడను మోచేత్తో కారు పైకప్పుకు అదిమి పట్టుకున్నాడు. రెండోవాడు బెట్సీ జుట్టు పట్టుకుని ఆమెను మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. డేరా ముందు పొయ్యి మీద ఓట్స్ జావ మాడుతోంది.

"ముసలోడా, ఇంకోసారి అడుగుతున్నా. ముత్యపు చిప్పలెక్కడ?"

"ఫొటో చూసే కదా వెళ్ళారు. ఇంకా నన్నడుగుతారేం?" అన్నాడు ఆలిక్.

గాల్ట్ జేబులోంచి ఒక కార్డు తీసి ఆలిక్ ముక్కుకు ఆనించాడు. కిల్‌బ్రాక్ హోటలువాళ్ళు అమ్మే కార్డు అది. హోటల్ హాల్లో తరతరాలుగా వేలాడుతున్న పాత ఫొటోను అచ్చేశారు. ఎస్కిన్ నది మలుపు, వెనక నరికేసిన దేవదారు మొద్దులతో బోడి కొండ, ఒడ్డున ఒక తెల్లటి కుప్ప. నడుం లోతు నీళ్ళలో వంగి, అద్దం అడుగున్న డబ్బాలోంచి నీటి అడుగుకు చూస్తున్న మనిషి. ఆ మనిషి ఆలిక్‌కు ముత్తాత, ముసలి హ్యూయీ. ముత్యపు చిప్పలు పట్టేవాడు.

"మీ తాత ఈ మలుపులో నిలబడ్డాడు. మేమూ అక్కడే దిగాం. పొద్దున్నించీ తవ్వితే దొరికింది గుప్పెడు. మిగతావి ఎక్కడికి మార్చావురా, టింకరోడా?" ఊరూరా డేరాలు వేసుకు తిరిగేవాళ్ళను అక్కడివాళ్ళు అలాగే పిలుస్తారు.

"చిప్పల్ని మార్చడానికి అవేమన్నా గొర్రెలా? చచ్చిపోయాయి. కొండ మీంచి మట్టి దిగి ఊపిరాడక చచ్చాయి. నది ఖాళీ."

గాల్ట్ తలుపు మూశాడు.

ఆలిక్ అరవలేదు. గొంతులోంచి కుక్క దగ్గులాంటి చప్పుడు ఒకటి వచ్చింది. బెట్సీ లేవబోతే జుట్టు పట్టుకున్నవాడు ఆమె ముఖాన్ని బూడిదలోకి నొక్కాడు. తలుపు తెరిచి, మళ్ళీ మూశాడు గాల్ట్. తరువాత డేరాలోకి వెళ్ళి, అద్దం డబ్బాను బయటికి తెచ్చి, బూటు మడమతో అద్దం పగలగొట్టాడు. చిప్పల్ని పట్టి లాగే చీలిక కర్రను మోకాలికేసి విరిచాడు. హేజల్ కర్ర అది, పచ్చిగా ఉన్నప్పుడే చీల్చి, చీలికలో చెక్క ముక్క పెట్టి ఆరబెట్టినది. ఒక్క దెబ్బకు విరగలేదు. మూడో దెబ్బకు గానీ విరగలేదు.

"నువ్వు చెప్పింది అబద్ధమని తేలితే ఇంకో చెయ్యి ఉంది నీకు," అని కారెక్కాడు.

కారు రోడ్డెక్కాక బెట్సీ ఆలిక్ చేతిని నదిలో పెట్టించింది. రక్తం నల్లటి నీటిలో టీ డికాషన్‌లో కలిసినట్టు కలిసిపోయింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు మూడూ పక్కకు తిరిగిపోయాయి. ఆమె పెట్టీకోటు చించి, విరిగిన కర్ర పేళ్ళతో ఆ వేళ్ళను కట్టింది. కడుతుంటే ఆలిక్ వొణుకుతూ నవ్వాడు.

"తాత ఇంకా తిరగబడే ఉన్నాడే, బెట్సీ. సచ్చినోళ్ళు కింది మలుపు తవ్వారు."

హోటల్లోని ఫొటో తిరగబడిన ఫొటో. వెనకటి ఫొటోగ్రాఫరు గాజు పలక మీద తీసిన బొమ్మను, కాగితం మీదికి దించేటప్పుడు పొరపాటున రెండో వైపునుంచి దించాడు. కుడి ఎడమైంది. ఎస్కిన్‌కు ఆ తావులో రెండు మలుపులున్నాయి, ఎదురెదురుగా పెట్టిన రెండు అరచేతుల్లాగా. పై మలుపును తిరగేస్తే అచ్చం కింది మలుపే. చిప్పలున్నది పై మలుపులో. ముత్యాలు పట్టే ఆలిక్ వంశం, మెక్‌ఫీ వాళ్ళకు ఆ సంగతి పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు నవ్వుకునేవాళ్ళు. బయట ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు.

సాయంత్రం బెట్సీ కింది మలుపుకు నడిచి వెళ్ళింది. ఒడ్డంతా తవ్విన గుంటలు. దొరికిన గుప్పెడు చిప్పల్నీ కత్తితో చీల్చి పారేశారు. ఆలిక్ ఎప్పుడైనా వంకర తిరిగిన చిప్పను, నడుం నొక్కుకుపోయిన చిప్పను మాత్రమే తీసేవాడు. ముత్యం ఉంటే అందులోనే ఉంటుంది. నున్నటివాటిని ముట్టుకునేవాడు కాదు. ఇక్కడ బొటనవేలంత పిల్ల చిప్పల్ని కూడా చీల్చేశారు. లోపలి మాంసం ఇంకా ముడుచుకుంటోంది, తెరుచుకుంటోంది, నీళ్ళ కోసం. ఆమె వాటిని గౌను ఒడిలో పోసుకుని నదిలోకి జారవిడిచింది. బతకవని తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం మిస్ సింక్లెయిర్ వచ్చింది. పట్నం మ్యూజియంలో పనిచేసే మనిషి. పొడుగ్గా, వర్షం కోటులో ఎప్పుడూ కొంచెం వంగినట్టు ఉంటుంది. డేరాల్లోకి వచ్చినప్పుడు ముక్కు మూసుకోని కొద్దిమందిలో ఒకతె. శనివారం కిల్‌బ్రాక్ ఊరి హాల్లో నది మీద ప్రదర్శన పెడుతోంది. చంకలో ఒక పొడవాటి గొట్టం ఉంది.

"చేతికేమైంది, మిస్టర్ మెక్‌ఫీ?"

"వ్యాను తలుపు పడిందమ్మా."

ఆమె ఆ కట్టువైపు చూసి, గడ్డి మీద కూర్చుంది. బెట్సీ ఇచ్చిన టీ తాగింది. తరువాత గొట్టంలోంచి పెద్ద కాగితం తీసి గడ్డి మీద పరిచి, మూలల మీద నాలుగు రాళ్ళు పెట్టింది. హ్యూయీ తాత. తలుపంత పెద్దగా.

"మీకు ముందు చూపించాలనిపించింది. చూడండి, ఈయన వంగిన తీరు ప్రార్థనలాగా లేదూ? వెనకాల నరికిన మొద్దులు, ముందు ఈ తెల్ల కుప్ప. చెట్లు పోయాయి, ఇక నీళ్ళ వంతు అని చెబుతున్నట్టుంది. ఈ కుప్ప ఎముకల్లా ఉంది నాకు. ఫొటో తీసినాయన చావును తెచ్చి ఒడ్డున కూర్చోబెట్టాడు."

ఆలిక్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "చావు కాదమ్మా, చెత్త. విప్పి చూసి పారేసిన చిప్పలు. ఆ పక్కనే మా ముత్తవ్వ మూతి కడుక్కునేది."

"చిప్పలని నాకూ తెలుసు," అంది ఆమె, కోపం లేకుండా. "అయినా వాటిని ముందు పెట్టి తీశాడా లేదా? పక్కకు జరిగితే కనబడేవి కావు. జరగలేదు."

"ప్రార్థన సంగతి మాత్రం నిజమే," అంది బెట్సీ. "అంత సేపు వంగి ఉంటే నడుం పట్టేస్తుంది. దేవుడు గుర్తుకొస్తాడు."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే మిస్ సింక్లెయిర్ ఆఖరి మాట అనేసింది.

"ఇంకో సంగతి. హోటల్లో ఉన్నది తప్పు బొమ్మ. ఒడ్డున ఈ చెక్క చూడండి, ఎస్టేటువాళ్ళ బోర్డు. భూతద్దంతో చూస్తే హోటల్ బొమ్మలో అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అసలు గాజు పలక నాకు దొరికింది. సరిచేసి అచ్చు వేయించాను. ఇన్నేళ్ళకు మీ తాత తన ఒడ్డున తాను నిలబడ్డాడు."

ఆలిక్ నోట్లోని పొగాకు పైపు ఆరిపోయింది. వెలిగించుకోవడానికి చెయ్యి లేదు.

"బోర్డు మీద ఏముందమ్మా?" అన్నాడు చివరికి.

ఆమె మొహమాటపడింది. "అనుమతి లేనివారు నీటిలో దిగరాదు అని."

"మా తాతకు చదువు రాకపోబట్టి బతికిపోయాం," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఆమె వెళ్ళిపోయాక బెట్సీ అడిగింది. "చెప్పేద్దామయ్యా. మంచి మనిషి. చెబితే ఆ బొమ్మ పెట్టదు."

"మా నాన్న కాలంలో ఒక బడిపంతులుండేవాడు. ఆయనా మంచోడే. మా నాన్న ఆయనకు ఇంకో నదిలో తావు చూపించాడు. ఆయన మురిసిపోయి పత్రికలో రాశాడు. మరుసటి ఎండాకాలానికి అక్కడ చిప్ప అన్నది లేదు. చదువుకున్నోళ్ళకు మాట నోట్లో ఆగినా చేతిలో ఆగదే. రాసేస్తారు."

"గాల్ట్ శనివారం రాకుండా ఉంటాడా?"

"రాకేం చేస్తాడు? పోదాం, బెట్సీ. డేరా విప్పు. వాళ్ళు ఆ తావును చీలుస్తుంటే నేనిక్కడ ఉండలేను."

పై మలుపులో వాళ్ళ పెళ్ళికంటే ముసలి చిప్పలున్నాయి. హ్యూయీ తాత వేలు తగిలినవి కూడా ఉండి ఉంటాయి. అవే నదిని కడుగుతాయని ఆలిక్ అనేవాడు, ప్రతి చిప్పా రోజంతా నీళ్ళు మింగి శుభ్రంగా ఉమ్ముతుందని. అవి పోతే మిగిలేది మురుగు కాలవ. బెట్సీ డేరా విప్పలేదు. చిప్పలు విప్పే పొట్టి కత్తిని రాయి మీద నూరింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఊరి హాలుకు వెళ్ళింది. హోటలు యజమానురాలు మిసెస్ గన్ రేపటి ప్రదర్శన కోసం బల్ల మీద టీ కప్పులు సర్దుతోంది. మిసెస్ గన్ హోటల్లో టింకర్లకు టీ వెనక తలుపు దగ్గర ఇస్తారు. హ్యూయీ తాత మాత్రం మంచి హాల్లో, నిప్పుగూడు పైన ఉంటాడు. ఆయన కింద కూర్చునే హక్కు ఆయన మనుమలకు లేదు.

"ఏమ్మా, ఊడవడానికి వచ్చావా?"

"మా తాతను చూసిపోదామని."

"గడప దగ్గర్నించి చూడు. నేల ఇప్పుడే తుడిచాం."

బెట్సీ బూట్లు విప్పి, ఉత్త కాళ్ళతో లోపలికి నడిచింది. ఎదుటి గోడ మీద పెద్ద బొమ్మ. పై మలుపు ఉన్నది ఉన్నట్టుగా ఉంది. చీలిన బండ, దాని కింద సుడి, సుడి పక్కన తాత. కళ్ళున్న ఏ దొంగైనా సరే, ఆ బండ చూస్తే నేరుగా వెళ్ళి నిలబడగలడు. ఆమె కత్తి తీసింది. "ఏమనుకోకు తాతా," అని, పైనుంచి కిందికి ఒకే గీత గీసింది. చట్రంలోని కాగితం చిరిగిన చప్పుడు చేప పొట్ట కోసినట్టు వచ్చింది. అడ్డంగా ఇంకో గీత. తరువాత రెండు చేతులతో పీకింది.

మిసెస్ గన్ కప్పులు వదిలేసి, కిటికీలు తెరిచే పొడవాటి కర్ర అందుకుని వచ్చింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. బెట్సీ ఆగలేదు. బండ ఉన్న ముక్కను చింపి నోట్లో కుక్కుకుంది. రెండో దెబ్బ మూతి మీద పడింది. కర్ర చివరి ఇత్తడి కొక్కెం పెదవిని చీల్చి పన్ను విరగ్గొట్టింది. కాగితం మీది మందు చేదు, రక్తం ఉప్పు, పన్ను ముక్క, అన్నీ కలిపి ఆమె నమిలింది. నమిలి మింగింది.

"దొంగముండా! తిండికి లేనట్టు బొమ్మలు తింటావా!" మిసెస్ గన్ ఆమెను జుట్టు పట్టి నేల మీద ఈడ్చింది. వంటింట్లోంచి ఇద్దరు మగవాళ్ళు వచ్చి చేతులు వెనక్కి విరిచి కత్తి లాక్కున్నారు. ఒకడు ఆమె వీపు మీద మోకాలు వేసి కూర్చున్నాడు. కొత్తగా తుడిచిన నేల మీద నెత్తురు, చీమిడి. అలాగే ఉంచారు, కానిస్టేబుల్ వచ్చేదాకా.

కానిస్టేబుల్ వెంటే మిస్ సింక్లెయిర్ వచ్చింది. కబురందుకుని ఆలిక్ కూడా వచ్చాడు. అతన్ని గడప దాటనివ్వలేదు.

"నే చెప్పలా?" అంది మిసెస్ గన్ రొప్పుతూ. "వీళ్ళు గోడ మీదైతే బాగుంటారు. గదిలోకి రానిస్తే ఇంతే."

మిస్ సింక్లెయిర్ నేల మీద మోకాళ్ళూని కాగితం ముక్కలు ఏరి, ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. కొండ కుదిరింది. ఆకాశం కుదిరింది. తాత తల, వీపు కుదిరాయి. బండ ఉండాల్సిన చోట ఖాళీ మిగిలింది. ఆమె ఆ ఖాళీని చూసింది. బెట్సీ నోటిని చూసింది. గడప అవతల, విరిగిన హేజల్ పేళ్ళతో కట్టిన ఆలిక్ చేతిని చూసింది.

"మిస్టర్ మెక్‌ఫీ, ఆ తలుపు మీ వ్యానుది కాదు కదూ?"

ఆలిక్ కట్టు చేతిని కోటు కిందికి లాక్కున్నాడు.

మిస్ సింక్లెయిర్ లేచి మోకాళ్ళు దులుపుకుంది. "కానిస్టేబుల్, ఇది పాడైపోయిన ప్రతి. చింపెయ్యమని నేనే చెప్పాను."

"గోడకు తగిలించి ఉంది!" అని అరిచింది మిసెస్ గన్.

"తగిలించడం నా పొరపాటు. ఆమె మీదినుంచి లేవండి. మిసెస్ గన్, మీ హోటల్ బొమ్మ ఒక్కరోజు అరువివ్వగలరా? అదే అసలైనది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ మీద ఎర్రటి చారలు లేచాయి. అబద్ధం అలవాటు లేని మనిషి.

శనివారం హాలు నిండిపోయింది. చట్రంలోని మనిషి కుటుంబమని చెప్పి మిస్ సింక్లెయిర్ వాళ్ళిద్దరినీ ముందు వరసలో కూర్చోబెట్టింది. బెట్సీ పెదవి ఉబ్బి ముక్కును తాకుతోంది. జనం వాళ్ళకు రెండు కుర్చీల దూరం వదిలి కూర్చున్నారు.

గాల్ట్ వచ్చాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. బొమ్మ ముందు నిలబడి, మలుపును వేలితో గాలిలో గీసుకుంటున్నాడు. వాడి వెనక ఇద్దరూ టోపీలు చేతుల్లో పట్టుకుని చర్చిలో ఉన్నట్టు నిలబడ్డారు.

"మేడమ్, ఈ బొమ్మ సరిగ్గానే ఉందంటారా? ఇవి ఒక్కోసారి తిరగబడతాయని మావాడెవడో అన్నాడు."

బెట్సీకి మింగిన కాగితం మళ్ళీ గొంతులోకి వచ్చినట్టయింది.

"కొన్ని తిరగబడతాయి," అంది మిస్ సింక్లెయిర్. "అందుకే గాజు పలకతో సరిపోల్చి చూశాను. ఇది ఉన్నది ఉన్నట్టే ఉంది. మీకు నదులంటే ఆసక్తా? ఇలా రండి." ఆమె చిన్న బెత్తం అందుకుంది. "ఈ మొద్దులు చూశారా? అడవి నరికేశారు. వానలకు కొండ మట్టంతా నీళ్ళలోకి దిగింది. ఈ తెల్ల కుప్ప ఏమిటనుకున్నారు?"

"చిప్పలు."

"చచ్చిన చిప్పలు. ఫొటోగ్రాఫరు వాటిని ఒక సమాధిలా ముందు పెట్టాడు. ఈయన ప్రార్థిస్తున్నాడు చూడండి. వెతకడం లేదు, వెతకడానికి ఏమీ మిగల్లేదు. ఇది వేటగాడి బొమ్మ కాదండీ, చావు బొమ్మ. ఎస్కిన్‌లో ముత్యపు చిప్ప మన తాతల నాడే పోయింది. కింద అట్ట మీద అదే రాశాను."

గాల్ట్ అట్ట మీదికి వంగి, పెదవులు కదుపుతూ చదివాడు. అచ్చులో ఉన్న మాట. వాడి భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"అంటే ఈ టింకరోడు నిజమే చెప్పాడన్నమాట."

వాడు తిరిగి ముందు వరస దగ్గరికి వచ్చాడు. అందరూ చూస్తుండగా చిరునవ్వుతో చెయ్యి చాపి, ఆలిక్ ఒళ్ళో ఉన్న కట్టు చేతిని అందుకున్నాడు. కరచాలనం చేశాడు. వదల్లేదు. నొక్కాడు. పేళ్ళు కిర్రుమన్న చప్పుడు బెట్సీకి వినిపించింది.

"నీ నది పోయినందుకు నా సంతాపం, తాతా."

ఆలిక్ నుదుటి మీంచి చెమట చుక్క జారి ముక్కు చివర నిలబడింది. "ఏం చేస్తాం బాబూ," అన్నాడు, నవ్వుతూనే. "పోయినవాళ్ళతో పోలేం కదా."

వాళ్ళ వెనక వరసలో ఎవరో ముసలామె, ఎంత మర్యాద తెలిసిన కుర్రాడో అంది. కారు వెళ్ళిన చప్పుడు వినిపించాకే ఆలిక్ కుర్చీలోంచి పక్కకు ఒరిగాడు.

ఆ మూడు వేళ్ళూ మళ్ళీ వంగలేదు. చీలిక కర్ర పట్టడం ఎడమచేత్తో నేర్చుకున్నాడు. తరువాత ముత్యాలు పట్టడాన్నే చట్టం మాన్పించింది. ఆలిక్ చనిపోయిన చలికాలం మిస్ సింక్లెయిర్ వచ్చి, ఊరికే కూర్చుని ఏం చేస్తావు, అక్షరాలు నేర్చుకో అంది. పలక కావాలా, పుస్తకం కావాలా అని అడిగితే, ప్రదర్శన నాడు మా తాత కింద పెట్టిన అట్ట కావాలన్నాను. తెచ్చింది. దాన్నే ముందు పెట్టుకుని కూడబలుక్కుంటూ, మంచు కరిగేనాటికి మొత్తం చదివాను: "ఈ నదిలో ముత్యపు చిప్పల జాతి ఆనాటికే పూర్తిగా నశించింది." నేను సొంతంగా చదివిన మొదటి వాక్యం అది. ఒక్క అక్షరం తప్పు లేదు, ఒక్క మాట నిజం లేదు. మూడుసార్లు చదివించుకుని మిస్ సింక్లెయిర్ ఏడ్చింది. జీవితంలో తాను రాసిన వాటిలో అదొక్కటే అబద్ధమంది. మంచి రాత అన్నాను.

ఆవిడ ఇచ్చిన గాజు పలక ఇప్పుడు నా దగ్గరే ఉంది. కిటికీకి ఆనించి పెట్టుకున్నాను. ఇటునుంచి చూస్తే తాత ఒక ఒడ్డున ఉంటాడు, అటునుంచి చూస్తే ఇంకో ఒడ్డున. బోర్డు మీది అక్షరాలు ఒకవైపు నన్ను పొమ్మంటాయి, రెండోవైపు నా రాతలాగే ఉంటాయి.

ఇది చదివి ఎవరైనా కత్తి పట్టుకుని బయల్దేరితే ఒక మాట. పై మలుపని రాశాను, కింది మలుపని రాశాను, నదికి పేరు కూడా రాశాను. కుడికి చూడాల్సినవి నాకు ఎడమకు చూస్తాయని మొదట్లోనే చెప్పుకున్నాను కదా. ఓర్చుకోండి.

బెట్సీ మెక్‌ఫీ, వయసు డెబ్బై ఆరు. ఉండేది ఇన్వర్‌నెస్‌లో, కౌన్సిల్ వాళ్ళిచ్చిన కింది వాటాలో.